గ్యారంటీ ఏది, వారంటీ ఏది: రామమూర్తినగర్‌లో ఒక బ్యాటరీ దుకాణం

బెంగళూరు రామమూర్తినగర్‌లోని ఈ బ్యాటరీ దుకాణానికి నేను మంచి మార్కులు వేయడానికి ముఖ్య కారణం ఒక్కటే. వస్తువు అమ్మే ముందే దాని మీద ఉన్న హామీ ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కొనేవారికి విడమరిచి చెప్పి, చెప్పినదాన్ని బిల్లు మీద రాసి ఇచ్చే అలవాటు ఇక్కడ ఉంది. ఇంతకంటే చౌకగా అమ్మేవారు ఉన్నారు, ఇంతకంటే త్వరగా ఇంటికి చేర్చేవారూ ఉన్నారు. ఆ సంగతులు కూడా రాస్తాను. కానీ బెంగళూరులో ఇన్వర్టర్ కొనే తెలుగువారు చాలామంది నష్టపోయేది ధర దగ్గర కాదు, గ్యారంటీకి, వారంటీకి మధ్య తేడా తెలియక. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండు మాటల గురించే ఉంటుంది.

ఈ నగరంలో పెద్ద అపార్ట్‌మెంట్లకు జనరేటర్లు ఉంటాయి కాబట్టి అక్కడివారికి ఇన్వర్టర్ అవసరం తక్కువ. రామమూర్తినగర్, కె.ఆర్.పురం, హొరమావు వైపు విడి ఇళ్లలోనూ, మూడు నాలుగు అంతస్తుల చిన్న భవనాల్లోనూ ఉండే మనవాళ్ల పరిస్థితి వేరు. వేసవిలో గాలివానలు మొదలయ్యాయంటే బెస్కాం (ఇక్కడి విద్యుత్ సంస్థ) సరఫరా ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేము, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి వైఫై ఆగితే పని ఆగినట్టే. ఈ దుకాణం యజమానిది కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లి ప్రాంతం. ఆయన ఇంట్లో మాట్లాడేది కన్నడ పలుకుబడి కలిసిన తెలుగే కాబట్టి ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారు చాలామంది ఇక్కడికే వెళుతుంటారు. దుకాణం చిన్నది, ముందు భాగంలో ఇన్వర్టర్లు, వెనుక గదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీలు, ఒక బల్ల, రెండు కుర్చీలు.

మేము వెళ్లినప్పుడు ఆయన ఏ కంపెనీ కావాలని అడగలేదు. కరెంటు పోయినప్పుడు ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు నడవాలి, ల్యాప్‌టాప్‌లు ఎన్ని, ఫ్రిజ్ కూడా నడవాలా, ఎన్ని గంటలు రావాలి అని అడిగి, చెప్పినవన్నీ ఒక కాగితం మీద వేసుకుని, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) ట్యూబులర్ రకం బ్యాటరీ చాలునని, దానికి తగిన ఇన్వర్టర్ ఫలానాదని తేల్చారు. ఆ లెక్క కాగితాన్ని బిల్లుకు జతచేసి ఇచ్చారు. ఆ కాగితానికి ఉన్న విలువ ఏమిటో కింద చెబుతాను.

తరువాత మా ఆవిడ అందరూ అడిగే ప్రశ్నే అడిగింది: “గ్యారంటీ ఎన్నేళ్లండీ?”

ఆయన జవాబు ఇది: “గ్యారంటీ అనే మాట నేను వాడనమ్మా. కార్డు మీద ఉండేది వారంటీ, ఐదేళ్లు. మొదటి మూడేళ్లలో పోతే ఊరికే మార్చి ఇస్తారు. ఆ పైన రెండేళ్లు కొంత తగ్గించి ఇస్తారు, మిగతాది మీరే కట్టాల.” అని చెప్పి ఊరుకోకుండా, కార్డు వెనుక సన్నటి అక్షరాల్లో ఉన్న షరతుల కింద పెన్నుతో గీతలు గీసి ఒక్కొక్కటే చదివి తెలుగులో వివరించారు. బిల్లు మీద ‘36 నెలలు ఉచిత మార్పిడి, 24 నెలలు ప్రో రేటా’ అని ఇంగ్లీషులో స్వయంగా రాసి, ముద్ర వేసి, సంతకం చేశారు. ఇంత ఓపిక నేను మరే ఎలక్ట్రికల్ దుకాణంలోనూ చూడలేదు.

మన ఇళ్లలో గ్యారంటీ అంటే పాడైతే కొత్తది ఇస్తారని, వారంటీ అంటే పాడైతే బాగుచేసి ఇస్తారని ఒక లెక్క స్థిరపడిపోయింది. మిక్సీ నుంచి టీవీ వరకు దుకాణాలవాళ్లూ ఈ లెక్కతోనే మాట్లాడతారు. ఇబ్బంది ఎక్కడంటే, అమ్మేటప్పుడు నోటితో చెప్పేది గ్యారంటీ, చేతికిచ్చే కార్డు మీద అచ్చయ్యేది వారంటీ. బ్యాటరీల విషయంలో ఈ తేడా మరీ ఖరీదైనది, ఎందుకంటే బ్యాటరీని మిక్సీలాగా విప్పి బాగుచేయడం సాధారణంగా కుదరదు. అక్కడ వారంటీ అంటే మార్చి ఇవ్వడమే, మార్చినప్పుడు ఖర్చు ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

మా తోడల్లుడికి జరిగింది ఇక్కడ చెప్పాలి. ఆయన నగరంలో మరో చోట, పేరు అనవసరం, ‘ఐదేళ్లు ఫుల్ గ్యారంటీ’ అన్న మాట నమ్మి బ్యాటరీ కొన్నారు. నాలుగో ఏట అది పనిచేయడం మానేసింది. దుకాణానికి వెళితే కార్డు తీసి చూపించి, ఉచిత మార్పిడి కాలం ముగిసిందని, ఇక కొత్త బ్యాటరీ గరిష్ఠ చిల్లర ధర మీద కొంత శాతం తగ్గింపు మాత్రమే వస్తుందని చెప్పారు. తగ్గింపు ఎంతో కొంత మేలే కదా అనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఉదాహరణకు ఒక బ్యాటరీ మీద అచ్చువేసిన ధర 20,000 రూపాయలనుకుందాం. బజారులో అదే బ్యాటరీని 15,500కు అమ్ముతున్నారనుకుందాం. అచ్చు ధర మీద 20 శాతం తగ్గింపు ఇస్తే కొనేవారు కట్టవలసింది 16,000. అంటే వారంటీ లేకుండా నేరుగా వెళ్లి కొనుక్కుంటే పడే ధర కంటే ఎక్కువ. పైగా వారంటీ కింద మార్చినప్పుడు పాత బ్యాటరీని కంపెనీ తీసేసుకుంటుంది. విడిగా కొంటే పాతదానికి ఎక్స్‌ఛేంజ్ కింద సీసం విలువ కొంత చేతికి వస్తుంది. ఐదేళ్ల హామీలో చివరి రెండేళ్లకు ఉన్న విలువ ఇంతేనని ఈ రామమూర్తినగర్ యజమాని అమ్మకానికి ముందే, ఇలాంటి లెక్కే వేసి మాకు చూపించారు. పెద్ద అంకె కనిపించే కార్డు కంటే, ఉచిత మార్పిడి నెలలు ఎక్కువగా ఉన్న కార్డు మేలని ఆయన సలహా. ‘30+30’ అని ఉన్నదానికంటే ‘36+24’ అని ఉన్నది మంచిదన్నమాట, రెండింటి మొత్తం అరవై నెలలే అయినా.

ఇక చట్టం ఈ మాటల గురించి ఏమంటుందో చూద్దాం. మనం బజారులో వాడే ఉద్దేశంతో గ్యారంటీని నిర్వచించే సెక్షన్ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో లేదు. ఆ చట్టం 126వ సెక్షన్ ప్రకారం గ్యారంటీ ఒప్పందమంటే ఒకరు బాకీ చెల్లించకపోతే వారి తరఫున తాను చెల్లిస్తానని మరొకరు పూచీ పడటం. అందులో ముగ్గురు ఉంటారు: అప్పిచ్చినవారు, అప్పు తీసుకున్నవారు, పూచీ పడినవారు. బ్యాంకు రుణానికి మనం పెట్టే ష్యూరిటీ సంతకం అచ్చంగా ఇదే. ఒప్పందంలో వేరే మాట లేకపోతే అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యత ఉందో పూచీ పడినవారికీ అంతే బాధ్యత ఉంటుందని 128వ సెక్షన్ చెబుతుంది. స్నేహితుడి కోసం కళ్లు మూసుకుని ష్యూరిటీ సంతకం పెట్టేవారు ఈ సెక్షన్‌ను ఒక్కసారైనా చదవాలి. బ్యాటరీకి, మిక్సీకి ఇచ్చే హామీ మాత్రం ఈ కోవలోకి రాదు.

వారంటీ అనే మాట 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో ఉంది. అక్కడ దాని పక్కన మరో మాట ఉంది: కండిషన్. 12వ సెక్షన్ ప్రకారం అమ్మకం ఒప్పందంలో అసలు ప్రయోజనానికి ప్రాణం వంటి షరతు కండిషన్. అది తప్పితే కొన్నవారు ఒప్పందాన్నే కాదని వస్తువును తిరస్కరించవచ్చు. అసలు ప్రయోజనానికి అనుబంధంగా ఉండే షరతు వారంటీ. అది తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గానీ వస్తువును తిప్పికొట్టే హక్కు ఉండదు. అంటే ఆ చట్టం దృష్టిలో కొన్నవారికి బలమైన ఆసరా కండిషన్, వారంటీ దానికంటే చిన్నది. గ్యారంటీ పెద్దది, వారంటీ చిన్నది అని మనం పోల్చుకుంటూ కూర్చుంటే, నిజంగా పెద్దదైన మూడో మాట మన చెవిన పడకుండానే పోతోంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో కొన్నవారికి మరింత అనుకూలంగా ఉంది. అనుచిత వ్యాపార పద్ధతులను నిర్వచించే చోట అది గ్యారంటీ, వారంటీ అనే రెండు మాటలనూ పక్కపక్కనే వాడుతుంది. మార్చి ఇస్తాము, బాగుచేస్తాము అనే వాగ్దానాన్నీ వాటితో కలిపే చెబుతుంది. అలాంటి హామీ కొన్నవారిని గణనీయంగా తప్పుదోవ పట్టించేదైనా, అది నెరవేరుతుందన్న సహేతుకమైన ఆశ లేకపోయినా, పేరు ఏదైనా సరే, అది అనుచిత వ్యాపార పద్ధతే. హామీ నోటితో ఇచ్చినా, కాగితం మీద ఇచ్చినా వర్తిస్తుందని కూడా ఆ నిర్వచనంలో ఉంది. కాబట్టి మా తోడల్లుడికి చెప్పిన ‘ఫుల్ గ్యారంటీ’ చట్టం ముందు విలువ లేని మాటేమీ కాదు. అది చెప్పారని నిరూపించడమే కష్టం. బిల్లు మీద రాసి ఇచ్చే దుకాణాన్ని నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే: రాతతో ఆ కష్టం తీరిపోతుంది. అంతేకాదు, తయారీదారు ఇచ్చిన వారంటీతో సంబంధం లేకుండా అమ్మినవారు సొంతంగా స్పష్టమైన హామీ ఇచ్చి, వస్తువు అందుకు తగ్గట్టు లేకపోవడం వల్ల కొన్నవారి ఒంటికో, ఇతర ఆస్తికో హాని జరిగితే, అమ్మినవారు కూడా బాధ్యత వహించాలని ఆ చట్టం చెబుతుంది. బ్యాటరీ నుంచి యాసిడ్ కారి గచ్చు పాడయ్యే సందర్భాలు ఉన్నాయి కాబట్టి ఇది మనకు దూరమైన సంగతి కాదు.

ఇప్పుడు ఆ లెక్క కాగితం సంగతి. వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లో కొనేవారు తమ అవసరం ఏమిటో అమ్మేవారికి తెలియజేసి, వారి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న కండిషన్ రాయకపోయినా ఉన్నట్టే లెక్క. అయితే ఫలానా పేరు గల వస్తువే కావాలని పట్టుబట్టి కొంటే ఆ రక్షణ వర్తించదని అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టీవీ ప్రకటన చూసి వెళ్లి ‘ఆ కంపెనీది 150 ఇవ్వండి’ అని అడిగినవారికి, ‘మా ఇంట్లో ఇవి ఇన్ని గంటలు నడవాలి, ఏది సరిపోతుందో మీరే చెప్పండి’ అని అడిగినవారికి చట్టపరంగా ఇంత తేడా ఉంది. ఈ దుకాణంలో రెండో పద్ధతే నడుస్తుంది, పైగా దానికి రాతలో సాక్ష్యం మిగులుతుంది. ఆయన చట్టం చదివి ఇలా చేస్తున్నారని నేను అనుకోను. తన మాటకు కట్టుబడే మనిషి కాబట్టి ఆ మాటను కాగితం మీద పెట్టడానికి వెనుకాడటం లేదు.

హామీ పరీక్షకు నిలిచిన సందర్భం కూడా మాకు వచ్చింది. ఉచిత మార్పిడి కాలంలోనే మా బ్యాటరీ నిలబడటం తగ్గిపోయింది. కరెంటు పోయిన కాసేపటికే ఇన్వర్టర్ కూతపెట్టడం మొదలుపెట్టేది. ఫోన్ చేస్తే దుకాణం కుర్రవాడు వచ్చి ముందు టెర్మినల్స్ శుభ్రం చేసి, నీటి మట్టం చూసి, హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) ఆరు సెల్స్‌నూ పరీక్షించి, ఒక సెల్ మిగిలినవాటికంటే బాగా తక్కువ చూపిస్తోందని తేల్చాడు. బ్యాటరీని తీసుకువెళ్లి, మళ్లీ నిండా ఛార్జి చేసి, లోడ్ టెస్ట్ చేసి, ఆ ఫలితాలను కంపెనీకి పంపారు. అంతవరకు వాడుకోవడానికి వేరే బ్యాటరీ ఒకటి పెట్టి వెళ్లారు. ఆ స్టాండ్‌బై బ్యాటరీ పాతది, రెండు ఫ్యాన్లు నడిపితేనే అలసిపోయేది. ఇది ఈ దుకాణం సరిచేసుకోవలసిన లోపం. కంపెనీ నుంచి అనుమతి రావడం కూడా మేము ఆశించినదానికంటే ఆలస్యమైంది. చివరకు పైసా తీసుకోకుండా కొత్త బ్యాటరీ పెట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కొత్త బ్యాటరీ వచ్చింది కాబట్టి వారంటీ మళ్లీ మొదటి నుంచి లెక్క అని చాలామంది అనుకుంటారు. మా కార్డు షరతుల ప్రకారం అలా కాదు. మొదటి కొనుగోలు తేదీ నుంచి మిగిలిన కాలానికే కొత్తదానికీ వారంటీ. ఈ సంగతి కూడా మార్చినరోజే చెప్పి, పాత బిల్లు వెనుక కొత్త సీరియల్ నంబరు, మిగిలిన నెలలు రాసి సంతకం చేశారు.

ఆ కార్డు ప్రకారం వారంటీ పోయే కారణాలు కొన్ని ఉన్నాయి: డిస్టిల్డ్ వాటర్‌కు బదులు యాసిడ్ గానీ, కుళాయి నీళ్లు గానీ పోయడం, పెట్టె పగలడం, సీరియల్ నంబరు చెరిగిపోవడం, కార్డులో దిద్దుబాట్లు ఉండటం. అమ్మిన తేదీ నమోదు కాకపోతే తయారైన తేదీ నుంచి లెక్క వేస్తామని కూడా ఉంది. దుకాణంలో నెలల తరబడి ఉన్న సరుకైతే ఆ మేరకు మనకు నష్టం కాబట్టి, బిల్లు ఇచ్చేటప్పుడే ఫోన్‌లో నమోదు చేయించి సందేశం వచ్చేదాకా ఉండటం మంచిది. ఈ దుకాణంలో అది వారే చేస్తారు.

లోపాలు మరికొన్ని. ధర ఆన్‌లైన్‌లో కనిపించేదానికంటే కొంత ఎక్కువ, బేరానికి పెద్దగా తావు లేదు. ఆదివారం సెలవు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. బిల్లు, చేతిరాతతో సహా, పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది. ఇంత శ్రద్ధగా తెలుగులో, కన్నడలో వివరించేవారు హామీ గురించి రాసే ఆ రెండు ముక్కలను కొనేవారి భాషలో కూడా రాసి ఇస్తే, ఇంగ్లీషు చదవలేని పెద్దవారికి ఎంతో మేలు జరుగుతుంది. ఈ మాట ఆయనకూ చెప్పాను. పాత బ్యాటరీకి ఇచ్చిన ఎక్స్‌ఛేంజ్ ధర న్యాయంగానే ఉంది. పాతది వీధిలో తిరిగే పాత సామాన్లవారికి అమ్మకుండా ఇలా ఇవ్వడమే సరైన పద్ధతి కూడా, 2022 నాటి వ్యర్థ బ్యాటరీల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు సేకరణ, రీసైక్లింగ్ చేసేవారికే చేరాలి.

ఇప్పటికే వేరేచోట నోటి గ్యారంటీతో కొని చిక్కులో పడినవారికి: 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ దొరుకుతుంది. ఫిర్యాదును మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, అమ్మినవారు ఎక్కడ ఉన్నా సరే. వ్యాజ్యకారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. బ్యాటరీ ధర స్థాయి కేసుకు ఫీజు ఉండదు. అందుకు బిల్లు కావాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే కాబట్టి, జీఎస్‌టీ మిగులుతుందని ఎవరైనా బిల్లు లేకుండా అమ్మజూపితే ఒప్పుకోవద్దు.

ఇన్వర్టర్‌కు, బ్యాటరీకి ఈ దుకాణం నుంచి వేరువేరు కార్డులు వస్తాయి, వాటి కాలపరిమితులూ వేరు. మాకు ఇచ్చిన ఇన్వర్టర్ వారంటీ రెండేళ్లు, అది మరమ్మతుకే గానీ మార్పిడికి కాదు. వెళ్లేవారు ఇంట్లో నడవవలసిన వస్తువుల జాబితా, వాటి మీద రాసి ఉన్న వాట్లు ముందే రాసుకుని వెళితే యజమాని లెక్క త్వరగా తేలుతుంది. సాయంత్రం కంటే ఉదయం వెళితే ఆయన తీరికగా కూర్చుని మాట్లాడతారు.